అంటని జబ్బుకు అంటిన భయం

సికిందరాబాద్‌లో మా రెజిమెంటల్ బజార్ పుట్టిందే దండు కోసం. 1798లో నిజాం, ఈస్టిండియా కంపెనీ సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక హుస్సేన్ సాగర్‌కు ఈశాన్యాన కంపెనీ పటాలాలు డేరాలు వేశాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఆ దండు ఊరు సికిందరాబాద్ అయింది. పటాలం వెంట బియ్యం కొట్లవాళ్లు, చాకళ్లు, భిస్తీలు, దర్జీలు, డోలీ బోయీలు వచ్చి చుట్టూ బజార్లు కట్టుకున్నారు. 1874లో రైలు వచ్చింది. స్టేషన్‌కు, మా బజారుకు దగ్గర్లోనే పెద్దాసుపత్రి ఉండేది. 1851లో చిన్న వైద్యశాలగా మొదలై, కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ అని పేరు మార్చుకుని, ఆ తర్వాత గాంధీ ఆస్పత్రి అయి, 2003లో ముషీరాబాద్ పాత జైలు స్థలానికి తరలిపోయేదాకా అది ఇక్కడే.

మా తాత మిలిటరీ ఆస్పత్రిలో డ్రెస్సర్. పుండ్లు కడిగి కట్లు కట్టడం ఆయన ఉద్యోగం. నేను స్టాఫ్ నర్సునై, సర్వీసులో ఎక్కువ కాలం చర్మవ్యాధుల వార్డులో గడిపాను. గాజుగుడ్డ, దూది, వాసెలిన్ వాసన మా ఇంటికి కొత్త కాదు. ఈ ప్రాంతపు వైద్యచరిత్ర చెప్పేవాళ్లు కలరా గురించి చెబుతారు, మలేరియా గురించి చెబుతారు. చర్మంలోనే లోపంతో పుట్టిన పిల్లల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. వాళ్లకు కట్లు కట్టినదాన్ని కాబట్టి ఆ చరిత్ర నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

ఇక్కడి వైద్యం మొదటినుంచీ అంటురోగాల చుట్టూ నడిచింది. దండు ఉన్నచోట కలరా ఉండేది. 1813లో సికిందరాబాద్ పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్యను ఉజ్జయినికి బదిలీ చేశారు. ఊళ్లో కలరా వేలమందిని తీసుకుపోతుంటే ఉజ్జయిని మహంకాళికి మొక్కుకున్నాడు. తిరిగొచ్చి 1815లో ఇక్కడ అమ్మవారి విగ్రహం నిలిపాడు. ఏటా ఆషాఢంలో లష్కర్ బోనాలు ఎత్తే ప్రతి ఇంట్లో ఆ కలరా జ్ఞాపకం ఉంది. మశూచి వచ్చిందంటే గుమ్మానికి వేపమండలు కట్టేవారు, ఆ ఇంటికి రాకపోకలు ఆగేవి. 1897 ఆగస్టు 20న ఇదే సికిందరాబాద్‌లో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమి ఆనవాలు పట్టుకున్నాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చాడు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది.

ఇంత అనుభవం ఉన్న ఊరికి ఒక పాఠం బాగా ఒంటబట్టింది. ఒంటి మీద పొక్కు కనిపిస్తే దూరం జరగాలి. కలరా, మశూచి విషయంలో ఆ పాఠం ప్రాణాలు కాపాడింది. పుట్టుకతో చర్మం బలహీనంగా ఉన్న బిడ్డ విషయంలో అదే పాఠం శిక్ష అయింది.

కుష్ఠురోగం దగ్గర ఈ గందరగోళం ఇంకా బాగా తెలుస్తుంది. 1847లో నార్వే వైద్యులు డేనియల్‌సెన్, బోక్ కుష్ఠు వంశపారంపర్యమని పెద్ద గ్రంథమే రాశారు. 1873లో అదే బెర్గెన్ నగరంలో, డేనియల్‌సెన్ అల్లుడే అయిన హాన్సెన్ ఆ జబ్బుకు కారణమైన క్రిమిని చూశాడు. మన దేశంలో 1898లో కుష్ఠురోగుల చట్టం వచ్చింది, 2016లో గానీ రద్దు కాలేదు. నిజాం రాజ్యంలో 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు ఆస్పత్రి పెట్టి చాల్‌ముగ్రా నూనె ఇంజెక్షన్లతో వైద్యం చేశారు. 1958లో రాణి కుముదినీ దేవి కూకట్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం నెలకొల్పారు. ఈ పుణ్యాత్ముల వల్ల కుష్ఠుకు మందు ఉందని జనానికి తెలిసింది. అయితే చర్మం మీద ఏ మచ్చ, ఏ పుండు కనిపించినా 'పెద్దరోగమేమో' అన్న భయం మాత్రం పోలేదు. అంటే లోకం ఒకప్పుడు అంటుజబ్బును వంశపు జబ్బు అనుకుంది, మా జనం వంశపు జబ్బును అంటుజబ్బు అనుకున్నారు. రెండు పొరపాట్లకూ మూల్యం చెల్లించింది రోగులే.

వంశంలో వచ్చే చర్మవ్యాధులు చాలా రకాలు. చర్మమంతా చేప పొలుసుల్లా ఎండిపోయే ఇక్తియోసిస్ ఉంది. ఎండ పడితే చర్మం మాడిపోయి చిన్న వయసులోనే క్యాన్సర్‌కు దారితీసే జీరోడర్మా ఉంది. ఒంటి రంగు, జుట్టు రంగు లేకుండా పుట్టే ఆల్బినిజం ఉంది. నన్ను ఎక్కువగా ఏడిపించింది ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా. మేం ఈబీ అనేవాళ్లం. బిడ్డను ఎత్తుకుంటే చంక కింద బొబ్బ లేస్తుంది, పాలపీక తగిలితే నోట్లో బొబ్బ లేస్తుంది.

ఒక బిడ్డ సంగతి చెబుతాను. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన కుటుంబం. ఆడపిల్ల. పుట్టినప్పుడే ఒక పిక్క మీద చర్మం లేదు, పాదం ఎర్రగా పచ్చిగా ఉంది. వార్డులో అడుగుపెట్టగానే పక్క మంచాల తల్లులు తమ పిల్లల పక్కగుడ్డలు దూరం లాక్కున్నారు. ఆ బిడ్డ మంచాన్ని కిటికీ పక్కకు, అందరికీ ఎడంగా జరిపించారు. ఇది అంటదని కేస్‌షీట్‌లో రాసి ఉన్నా మంచం మాత్రం అక్కడే ఉండిపోయింది. కూడా వచ్చిన అమ్మమ్మ నా చేయి పట్టుకుని, "ఏం పాపం జేసినమో సిస్టరమ్మా, అమ్మోరు గిట్ల పోసింది" అంది.

ఈబీ బిడ్డకు కట్టు కట్టడం వేరే విద్య. అతుక్కునే ప్లాస్టర్ పనికిరాదు, అది తీస్తే చర్మం దాంతోపాటే ఊడి వస్తుంది. పాత కట్టును లాగకూడదు. గోరువెచ్చని సెలైన్‌తో తడిపి, అది తనంతట తాను వదిలేదాకా ఓపిక పట్టాలి. నిండిన బొబ్బను అంచు దగ్గర స్టెరైల్ సూదితో పొడిచి నీరు వదలాలి, పైచర్మాన్ని మాత్రం కత్తిరించకూడదు, అదే ఆ పుండుకు కప్పు. వాసెలిన్ గాజుగుడ్డ పరిచి, దాని మీద మెత్తని గాజుగుడ్డ వేసి, వదులుగా రోలర్ బ్యాండేజ్ చుట్టాలి. వేళ్లను ఒక్కొక్కటిగా విడివిడిగా చుట్టాలి, లేకపోతే పుండ్లు మానేటప్పుడు వేళ్లన్నీ కలిసిపోయి చేయి ముద్దయిపోతుంది. చొక్కాను తిరగేసి కుట్టు బయటికి వచ్చేలా తొడగాలి. ఇదంతా నేను ఆ అమ్మమ్మకు నేర్పాను. ఆమె చేతులు వరి నాటిన చేతులు, గరుకు తేలి ఉన్నాయి. కొబ్బరినూనె రాసుకుని, మునివేళ్లతో పట్టడం నేర్చుకుంది.

తర్వాత డాక్టరుగారు వచ్చి కేస్‌షీట్ వెనక తెల్లకాగితం మీద వంశవృక్షం గీశారు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. భార్యాభర్తల మధ్య ఒక గీత, రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత. బిడ్డ తల్లిది మేనమామ పెళ్లి. జంట గీత పడింది. అమ్మమ్మను అడిగితే, "నాది గూడ మేనరికమే సార్, మా మేనత్త కొడుకునే చేసుకున్న" అంది. పైన ఇంకో జంట గీత. "మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా వచ్చిందా?" అనడిగారు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తన రెండో కాన్పులో పుట్టిన మగబిడ్డ బొబ్బలతో పదిరోజులకే పోయాడని, అమ్మవారు పోసిందని ఊరివాళ్లు అన్నారని, భయానికి బిడ్డ గుడ్డలు కూడా కాల్చేశారని అప్పుడు చెప్పింది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. ఆ కాగితం మీద నల్లరంగు నింపిన చదరం ఒకటి చేరింది. జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఒక్క మాటతో తేలిపోయింది. శాపమూ కాదు, అంటూ కాదు. రెండు వైపుల నుంచీ లోపమున్న జన్యువు ఒక్కొక్కటి చొప్పున బిడ్డకు చేరింది. తల్లిదండ్రులిద్దరిలో ఒక్కోటే ఉంది కాబట్టి వాళ్లు ఆరోగ్యంగా ఉన్నారు. అలాంటి జంటకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

మన మేనరికాలను శాస్త్రదృష్టితో చూసిన తొలి తెలుగువారిలో పిఠాపురం బిడ్డ ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. బ్రిటన్ వదిలి 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడిన మహా జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర ఆయన శిష్యరికం చేశారు. సహచరుడు పి. మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాలు ఎంత విరివిగా జరుగుతున్నాయో, వాటి ఫలితం ఎలా ఉంటోందో లెక్కకట్టి 1960లోనూ 1963లోనూ పత్రాలు వెలువరించారు. మేనమామ మేనకోడల్ని చేసుకుంటే, వాళ్ల బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. బావామరదళ్లయితే పదహారింట ఒక వంతు. ద్రోణంరాజు చెవి అంచు మీద వెంట్రుకలు మొలిచే లక్షణం తండ్రి నుంచి కొడుకుకు దిగడాన్ని కూడా పరిశీలించి, అది మగవారి వై క్రోమోజోమ్ మీద ఉంటుందని 1960లో ప్రతిపాదించారు. 2004లో దక్షిణ భారత పురుషుల డీఎన్ఏ చదివిన పరిశోధకులు ఆ లక్షణానికి, వై క్రోమోజోమ్‌కు లంకె లేదని తేల్చారు. ఫలితం మారినా ఆయన చూపిన పద్ధతి నిలిచింది. చర్మం మీది లక్షణాన్ని పట్టుకుని ఇంటింటా తాతముత్తాతల గురించి అడగాలని తెలుగు నేలకు నేర్పింది ఆ తరమే.

ఆ తర్వాత ఈ పని జంటనగరాల్లో వేళ్లూనుకుంది. రొనాల్డ్ రాస్ భవనం ఉన్న బేగంపేటలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యు వ్యాధుల ఆస్పత్రి వెలిసింది, దానికి ప్రొఫెసర్ ఓ.ఎస్. రెడ్డి ఆద్యుడు. 1977లో పుష్ప మిత్ర భార్గవ సారథ్యంలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ మొదలైంది. 1996లో డీఎన్ఏ పరీక్షల కోసం సీడీఎఫ్‌డీ అనే కేంద్రం వచ్చింది. సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, కుమారసామి తంగరాజ్ విదేశీ పరిశోధకులతో కలిసి 2009లో, మళ్లీ 2017లో ప్రచురించిన పరిశోధనలు నన్ను ఆలోచనలో పడేశాయి. వాళ్లు పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81, కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నవి. మన వైశ్యులు వాటిలో ఒకరు. ఆపరేషన్‌లో ఇచ్చే ఒక మత్తు సంబంధిత ఇంజెక్షన్ వాళ్లలో కొందరికి సరిపడదని, ఊపిరి తిరిగి అందుకోవడం ఆలస్యమవుతుందని మత్తు డాక్టర్లు ఎప్పటినుంచో జాగ్రత్తపడుతున్నారు. దాని మూలం ఈ చరిత్రలో ఉంది. మేనరికం మానేస్తే చాలు అనుకోవడం సగం నిజమే. దూరపు చుట్టరికం కూడా లేదనుకున్న ఇద్దరు ఒకే కులంలో పెళ్లి చేసుకున్నా, వెయ్యేళ్ల కిందటి ఒకే పూర్వీకుడి జన్యువు ఇద్దరిలోనూ ఉండవచ్చు. మేనరికం చేసుకున్న తల్లిని ఊరంతా వేలెత్తి చూపడం అందుకే అన్యాయం. మేనరికాల్లో పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది నిక్షేపంగా ఉన్నారు కూడా.

ఇక వైద్యం సంగతి. బొంతలో రెండు గుడ్డలను కుట్టుదారం పట్టి ఉంచినట్టు, మన చర్మం పైపొరను, లోపొరను ఏడో రకం కొలాజెన్ పోగులు పట్టి ఉంచుతాయి. ఆ కొలాజెన్ తయారీకి సూచన మూడో క్రోమోజోమ్ మీది సీఓఎల్7ఏ1 అనే జన్యువులో ఉంది. దానిలో లోపాలే ఈబీలో ఒక తీవ్రమైన రకానికి కారణమని 1993లో తేలింది. కారణం తెలిసినా దాన్ని సరిచేయడానికి చాలా కాలం పట్టింది. 1975లో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు మనిషి చర్మకణాలను గాజుపాత్రలో పెంచడం సాధించారు. కాలిన గాయాలకు ఆ పొరలు అతికించడం మొదలైంది. గ్రీన్ దగ్గర పనిచేసిన ఇటలీ వైద్యుడు మిషెల్ డె లూకా ఇంకో అడుగు వేశారు. ఈబీలో ఇంకో రకం ఉన్న రోగి కణాలనే తీసి, వాటిలో మంచి జన్యువు చేర్చి, పొరగా పెంచి తిరిగి అతికించారు. ఒక రోగి కాలి మీద అది నిలిచిందని 2006లో ప్రకటించారు. 2015లో జర్మనీలోని బోకుమ్‌లో, అదే రకం ఈబీ ఉన్న ఏడేళ్ల సిరియా శరణార్థి బాలుడు ఒంటి చర్మంలో చాలా భాగం పోయి చావుబతుకుల్లో ఉన్నాడు. నాలుగు చదరపు సెంటీమీటర్ల చర్మం ముక్క తీసి, దిద్దిన కణాలతో ఒంటిమీది పైచర్మంలో 80 శాతం మళ్లీ కట్టారు. ఆ బాలుడు బడికి వెళ్లాడు. 2017లో ఆ వార్త చదివిన రోజు, ఆ అమ్మమ్మ నేర్చుకున్న కట్లన్నీ నా కళ్ల ముందు మెదిలాయి.

రెండో దారి నాకు మరీ దగ్గరగా అనిపిస్తుంది. పెదవి అంచున జ్వరప్పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను తీసుకుని, అది పెరిగి వ్యాపించే శక్తి తీసేసి, దానిలో కొలాజెన్ జన్యువు ప్రతులు రెండు పెట్టారు. ఆ జన్యువు చాలా పెద్దది, చిన్న వైరస్‌లలో ఇమడదు. అందుకే ఇది ఎంచుకున్నారు. వారానికోసారి ఈ జెల్‌ను సిరంజితో పచ్చిపుండు మీద సుమారు సెంటీమీటరు ఎడంగా చుక్కలు పెట్టి, పైన కట్టు కడతారు. చర్మకణాల్లోకి వైరస్ చేరుతుంది, కణాలు ఆ కొలాజెన్ తయారు చేసుకుంటాయి. మన డీఎన్ఏలో అది కలిసిపోదు, కనుక మళ్లీ మళ్లీ పెట్టాలి. 31 మంది మీద జరిగిన పరీక్షలో ఆరునెలలకు మందు వేసిన పుండ్లలో 67 శాతం పూర్తిగా మూసుకుపోయాయి, మందు లేని జెల్ వేసినవి 22 శాతమే. 2023 మేలో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది, పేరు వైజువెక్. 2025 ఏప్రిల్‌లో రోగి కణాలతో పెంచిన చర్మపు పొరలకూ అక్కడ అనుమతి వచ్చింది.

ఆ జెల్ వేసేవాళ్లు చేతితొడుగులు వేసుకోవాలి, తీసిన కట్లను వైరస్‌ను చంపే ద్రావణంతో శుద్ధిచేసి మూసిన సంచిలో పారేయాలి. ఈ జాగ్రత్తలన్నీ మా తాతల కాలం నుంచీ అంటురోగాల వార్డుల్లో నేర్చుకున్నవే. అంటురోగమంటే వణికిన ఈ ఊరికి ఒక వైరస్సే అంటని జబ్బుకు మందు మోసుకొచ్చే రోజు వచ్చిందంటే, రెండు వందల ఏళ్ల అనుభవం వృథా పోలేదనిపిస్తుంది. ఎంత గొప్ప మందైనా చివరికి పుండు దగ్గరికి తీసుకెళ్లేది కట్టు కట్టే చెయ్యే.

అయితే ధర కొండెక్కి కూర్చుంది. అమెరికాలో మార్కెట్లోకి వచ్చినప్పుడు వైజువెక్ ఒక్క సీసా 24,250 డాలర్లు. మన పల్లె కుటుంబం ఊహించలేని మొత్తం. మన దేశం ఊరుకోలేదు. 2019లో జన్యుచికిత్సకు జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. వెల్లూరు సీఎంసీ వైద్యులు రక్తం గడ్డకట్టని జబ్బు హిమోఫిలియాకు జన్యుచికిత్స చేసి, అయిదుగురు రోగుల ఫలితాలు 2024లో ప్రకటించారు. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద జాబితాలోని జబ్బులకు 50 లక్షల రూపాయల వరకు సాయం ఉంది, హైదరాబాద్‌లో నిమ్స్‌తో కలిసి సీడీఎఫ్‌డీ దాని కేంద్రాల్లో ఒకటి. రక్తానికి చేసిన పని చర్మానికీ ఇక్కడే చేయాలి, మన ధరకు చేయాలి. దోమకో అణా ఇచ్చి లోకానికి మలేరియా గుట్టు విప్పిన ఊరికి అది మించిన పని కాదు.

ఆ మందు వచ్చేలోగా చేయగలిగినవి చాలా ఉన్నాయి. జిల్లా ఆస్పత్రి చర్మవ్యాధుల ఓపీలో ప్రతి పుట్టుబొబ్బల బిడ్డకూ వంశవృక్షం గీయాలి. జన్యుపరీక్ష చేయించి, తర్వాతి కాన్పుకు ముందే తల్లికి సలహా చెప్పాలి. మెత్తని అంటుకోని గాజుగుడ్డ ఉచితంగా ఇవ్వాలి. ఆశా కార్యకర్తకు, బడి పంతులుకు ఇది అంటదని చెప్పాలి. పక్కన కూర్చోబెట్టడానికి ఒక బడి ఒప్పుకోక చదువు ఆగిపోయిన పిల్లవాడిని నేను ఎరుగుదును.

అన్నిటికంటే ముందు పని మాత్రం ఇళ్లలో పెద్దవాళ్లది. జన్యువు చదివే యంత్రం ఎంత గొప్పదైనా, ఏ జన్యువు వైపు చూడాలో దానికి దారి చూపేది ఇంటి జ్ఞాపకం. ఆ జ్ఞాపకం ఎక్కువగా ఆడవాళ్ల దగ్గర, ఎవరూ అడగక, భయంతో మూసిపెట్టి ఉంది. మీ ఇంట్లో బొబ్బలతో పుట్టి కొద్దిరోజులకే పోయిన బిడ్డ ఎవరైనా ఉంటే, ఎన్నేళ్లయినా సరే, ఆ సంగతి మీ కూతురికి, కోడలికి చెప్పండి, ఆమెను చూసే డాక్టరుకు చెప్పండి. ఆ మాట మీ వంశానికి మచ్చ కాదు, పుట్టబోయే బిడ్డకు మీరివ్వగలిగిన మొదటి మందు.